డర్ట్ బండికి డిజిటల్ మీటరు - 4వ పాఠం: ముందు నల్ల వైరు పంచాయితీ, తర్వాత చక్రం సెన్సర్

ఈ పాఠంలో చక్రం సెన్సర్ బిగించి, టైరు చుట్టుకొలత ఎక్కించాలి. కానీ పోయిన పాఠంలో కరెంటు ఇచ్చే దగ్గరే చాలా బండ్లు ఆగిపోయాయి. కొందరికి మీటరు అసలు వెలగలేదు. కొందరికి తాళం తిప్పగానే ఫ్యూజ్ కొట్టేసింది. ఇంకొందరికి వెలిగింది గానీ, ఇంజన్ స్లోలో ఉంటే అంకెలు వణుకుతున్నాయి, ఉండుండి మీటరు మళ్ళీ మొదటి నుంచి ఆన్ అవుతోంది. ఈ మూడింటికీ కారణాలు రెండే: నల్ల వైరు, హెడ్‌లైట్ వైరు.

మీటరుతో వచ్చే వైర్లలో మామూలుగా ఎరుపు ప్లస్, నలుపు ఎర్త్. అది మీటరు చేసినవాడి పద్ధతి, బండి చేసినవాడు దానికి కట్టుబడి ఉండడు. మన పాఠాలకు ఉదాహరణగా పెట్టుకున్న హీరో ఇంపల్స్ (2011) హోండా బండి ఆధారంగా వచ్చింది. హోండా లెక్కలో ఆకుపచ్చ ఎర్త్, ఎరుపు బ్యాటరీ నుంచి ఎప్పుడూ ఉండే ప్లస్, నలుపు తాళం వేస్తే వచ్చే ప్లస్. అవును, నలుపే ప్లస్. పాత హీరో హోండా బండ్లన్నిటిలోనూ ఇదే వరస.

యమహాకి రండి. అక్కడ నలుపు ఎర్త్, గోధుమరంగు తాళం ప్లస్, ఎరుపు బ్యాటరీ. ఆర్‌ఎక్స్ 100ని ట్రయల్ (మట్టి బాటల) బండిగా మార్చుకున్నవాళ్ళకి నలుపుని నలుపుకి కలిపినా ఏమీ కాకపోవడానికి కారణం అదే. వాళ్ళ మాట విని ఇంపల్స్ వాళ్ళు అదే చేశారు. సుజుకీలో నారింజ తాళం ప్లస్, నలుపు మీద తెల్లగీత ఉన్నది ఎర్త్. కవాసాకీలో గోధుమరంగు తాళం ప్లస్, నలుపు మీద పసుపుగీత ఎర్త్. గీతను కూడా రంగులాగే చూడాలి. మట్టి పట్టిన వైరు మీద గీత కనపడదు, పెట్రోలు గుడ్డతో తుడిచి చూడండి. పాత బండిలో మెకానిక్ ఎవరో మధ్యలో ఇంకో రంగు ముక్క అతికి ఉంటే పైవన్నీ చెల్లవు.

తప్పుగా కలిపితే ఏమవుతుందో తెలిస్తే మీ బండిలో జరిగింది మీకే అర్థమవుతుంది. ఇంపల్స్‌లో మీటరు ఎరుపుని బండి ఎరుపుకి, మీటరు నలుపుని బండి నలుపుకి కలిపారనుకోండి. తాళం వేశాక రెండు వైర్లలోనూ పన్నెండు వోల్టులే. వాటి మధ్య తేడా సున్నా, కాబట్టి మీటరు వెలగదు. ఈ రకం వాళ్ళకి నష్టం ఏమీ జరగలేదు, నలుపుని విప్పి ఆకుపచ్చకి మార్చుకుంటే చాలు. కొన్ని మీటర్లలో నల్ల వైరు లోపల లోహపు బాడీకి కలిసి ఉంటుంది. అలాంటిదాన్ని ఇనుప బ్రాకెట్ మీద బిగించి, నలుపుని ప్లస్‌కి కలిపితే, తాళం తిప్పగానే ఆ ప్లస్ నేరుగా ఛాసిస్‌కి తగిలి ఫ్యూజ్ పోతుంది. ఫ్యూజ్ పోయినవాళ్ళు ఇంకా పెద్ద ఫ్యూజ్ వేసి ప్రయత్నించకండి, ఈసారి కాలేది వైరింగ్ కిట్. ఎరుపుని ఆకుపచ్చకి, నలుపుని నలుపుకి కలిపినవాళ్ళ సంగతి వేరు. అది ప్లస్ మైనస్ తిరగేసినట్టు. లోపల రక్షణ డయోడ్ (కరెంటుని ఒకవైపుకే పోనిచ్చేది) ఉన్న మీటరు బతుకుతుంది, లేనిది పోతుంది.

అందుకని రంగు చూసి ఊహించడం వరకే, కలిపేది మల్టీమీటరు చూపించాకే. నల్ల ప్రోబు బ్యాటరీ మైనస్ మీద పెట్టండి, ఛాసిస్ బోల్టు మీద కాదు. రంగు పూసిన బోల్టు అబద్ధం చెబుతుంది. ఎర్ర ప్రోబుతో ఒక్కో వైరూ చూడండి. తాళం తీసేసినా 12.6 దగ్గర ఉంటే అది బ్యాటరీ వైరు. తాళం వేస్తేనే వస్తే తాళం ప్లస్. ఇంజన్ తిరిగేటప్పుడు అదే 13.5 నుంచి 14.5 మధ్యకి ఎక్కాలి. ఎర్త్ అనుకున్న వైరుకీ బ్యాటరీ ప్లస్‌కీ మధ్య పూర్తి 12.6 రావాలి, పదకొండున్నర వస్తే ఆ ఎర్త్ ఎక్కడో తుప్పు పట్టింది. మల్టీమీటరు లోడు తీసుకోదు కాబట్టి, ఒక్క పోగు మిగిలిన వైరు కూడా 12 చూపిస్తుంది. ఎంచుకున్న ప్లస్ వైరుకీ ఎర్త్ వైరుకీ మధ్య 10 వాట్ల ఇండికేటర్ బల్బు కాసేపు కలిపి, అప్పుడు వోల్టేజి చూడండి. అర వోల్టుకి మించి పడిపోతే ఇంకో వైరు వెతుక్కోండి.

డూమ్ (హెడ్‌లైట్ గూడు) అంతా విప్పే ఓపిక లేకపోతే ఒక దగ్గరి దారి ఉంది. హ్యాండిల్ మీద ముందు బ్రేకు స్విచ్ దగ్గర రెండు వైర్లు ఉంటాయి. హోండా పద్ధతి బండ్లలో అందులో నలుపు తాళం ప్లస్, ఆకుపచ్చ మీద పసుపుగీత వెనక స్టాప్ లైటుకి పోయేది. నలుపు నుంచి 1 ఆంపియర్ ఫ్యూజ్ పెట్టి మీటరుకి తీసుకోవచ్చు. మీటరు తినేది చాలా తక్కువ కాబట్టి స్టాప్ లైటుకి ఇబ్బంది ఉండదు. ఫ్యూజ్ మాత్రం మీటరు పక్కన కాదు, కరెంటు తీసుకున్న చోట ఉండాలి.

ఇక హెడ్‌లైట్ వైరు. పాత చిన్న బండ్లలో చాలావాటికి హెడ్‌లైట్‌కి వెళ్ళేది బ్యాటరీ కరెంటు కాదు, మాగ్నెట్ కాయిల్ నుంచి రెగ్యులేటర్ మీదుగా వచ్చే ఏసీ. యాక్సిలరేటర్ వదిలితే లైటు మందగించేది అందుకే. ఆ వైరు మీద డిజిటల్ మీటరు నిలకడగా ఉండదు. వణుకూ, మళ్ళీ మళ్ళీ ఆన్ అవడమూ దాని లక్షణాలే. తాళం వేసి, ఇంజన్ ఆపి లైటు వెలుగుతుందో లేదో చూస్తే చాలని అనుకోకండి. 2017 తర్వాతి బండ్లలో హెడ్‌లైట్ ఎప్పుడూ వెలిగే ఏర్పాటు ఉంది. వాటిలో కొన్నిటికి డీసీ లైటు కూడా ఇంజన్ తిరిగాకే వస్తుంది.

ఇంజన్ తిప్పి మల్టీమీటరుతోనే చూడాలి. అందులోనూ ఒక చిక్కు. రెండు మూడొందలకి దొరికే పసుపు మల్టీమీటరు ఏసీ రేంజిలో డీసీని కూడా ఏదో ఒక అంకెగా చూపిస్తుంది. 12.6 వోల్టుల బ్యాటరీ మీదే ఏసీ రేంజిలో పెట్టి చూడండి, ఇరవై ఏడో ఎంతో వస్తుంది. ప్రోబులు తారుమారు చేస్తే సున్నా. ఇలా తారుమారు చేసినప్పుడు ఒకవైపు అంకె, ఒకవైపు సున్నా వస్తే అది డీసీ. రెండువైపులా దాదాపు ఒకే అంకె వస్తే ఏసీ. డీసీ రేంజిలో మైనస్ గుర్తుతో అంకె కనపడితే, లైట్లకి అర తరంగం (ఏసీలో ఒక సగం మాత్రమే) పంపే రెగ్యులేటర్ అని అర్థం. దాన్నీ ముట్టుకోకండి.

అసలు బ్యాటరీయే లేని కిక్ బండ్లవాళ్ళు రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చేది) తర్వాత 4700 మైక్రోఫారడ్, 35 వోల్టుల కెపాసిటర్ పెట్టుకుని అక్కడి నుంచి తీసుకోండి. కెపాసిటర్ మీద మైనస్ గీత ఎర్త్ వైపుకి.

కరెంటు కుదిరింది. ఇప్పుడు చక్రం.

ఇంపల్స్ ముందు హబ్‌లో స్పీడోమీటర్ కేబుల్‌కి గేర్ డబ్బా ఉంటుంది. కేబుల్ తీసేశాం కదా అని ఆ డబ్బాను కూడా తీసిపారేయకండి. ఇరుసు మీద అది స్పేసర్ పని కూడా చేస్తోంది, తీసేస్తే చక్రం ఒక పక్కకి జరిగి డిస్క్ క్యాలిపర్‌ని (బ్రేకు ప్యాడ్లు పట్టుకునే భాగాన్ని) ఒరుసుకుంటుంది. డబ్బాను ఉంచి, కేబుల్ దూరే రంధ్రాన్ని రబ్బరు బిరడాతో మూయండి. ఆ డబ్బా మీదే బిగించే కేబుల్ రకం సెన్సర్లు కూడా అమ్ముతారు. బురదలో తిరిగే బండికి అవి వద్దని నా సలహా, లోపలి ప్లాస్టిక్ గేర్ అరిగితే స్పీడు కూడా పోతుంది. అయస్కాంతం, సెన్సర్ ఉన్నదే మేలు.

అయస్కాంతాన్ని డిస్క్ ప్లేట్ బోల్టు తలలో, అల్లెన్ కీ దూరే గుంటలో పెట్టండి. అది కుదరకపోతే బోల్టు తల మీద. మట్టి, నూనె తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, రెండు ట్యూబుల అరాల్డైట్‌తో అంటించి రాత్రంతా వదిలేయండి. డిస్క్ బ్లేడు మీద మాత్రం వద్దు. మామూలు రకం నియోడిమియం అయస్కాంతం 80 డిగ్రీలు దాటితే బలం పోగొట్టుకుంటుంది, ఘాట్ దిగేటప్పుడు డిస్క్ వేడి దాన్ని ఎంతో దాటిపోతుంది. మీటరు నేర్పు ఎంత ఉన్నా, అయస్కాంతం చచ్చాక స్పీడు సున్నాయే. డిస్క్ బోల్టులు విప్పాల్సి వస్తే థ్రెడ్ లాక్ వేసి, కంపెనీ చెప్పిన టార్కుతోనే బిగించండి.

సెన్సర్‌కి బ్రాకెట్ 2 మి.మీ. అల్యూమినియం పట్టీతో చేసుకోవచ్చు. మడ్‌గార్డ్ బోల్టుకో, బ్రేకు హోస్ క్లిప్పు బోల్టుకో బిగించండి. క్యాలిపర్ బోల్టు కింద వాషరు కూడా పెట్టకూడదు, బ్రాకెట్ సంగతి చెప్పక్కర్లేదు. చక్రానికి ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉంటే ఆ సెన్సర్ వైరులోంచి సిగ్నల్ లాగే ఆలోచన కూడా మానుకోండి.

అయస్కాంతానికీ సెన్సర్‌కీ మధ్య సందు ఎంత? మీటరు కాగితంలో ఉన్నదే ప్రమాణం. కాగితం లేకపోతే 1.5 మి.మీ.తో మొదలుపెట్టండి. ఫీలర్ గేజ్ అక్కర్లేదు. పాత ఏటీఎం కార్డు మందం 0.76 మి.మీ., రెండు కార్డులు కలిపి దూరిస్తే సరిపోయింది. చక్రం చేత్తో తిప్పుతూ అయస్కాంతం ప్రతిసారీ సెన్సర్ గుర్తుకి ఎదురుగా వస్తోందో లేదో చూడండి. పైకో కిందకో 3 మి.మీ. తప్పినా గుంతల్లో స్పీడు ఎగిరెగిరి పడుతుంది.

రెండు వైర్ల సెన్సర్ అయితే అది రీడ్ స్విచ్, అయస్కాంతం దగ్గరికొస్తే లోపలి రేకులు కలుసుకునే రకం. మల్టీమీటరు బీప్ మోడ్‌లో పెట్టి చక్రం తిప్పితే చుట్టుకి ఒక బీప్ రావాలి. రెండు వస్తే అయస్కాంతం మరీ దగ్గరగా ఉంది, కొంచెం దూరం జరపండి. మూడు వైర్లుంటే హాల్ సెన్సర్, రేకులు లేకుండా అయస్కాంతాన్ని పసిగట్టే చిప్పు. దాన్ని మీటరుకి కలిపి, కరెంటు ఇచ్చాకే పరీక్షించగలరు. అన్నీ సరిగా ఉండి కూడా ఏమీ చూపించకపోతే అయస్కాంతాన్ని తిరగేయండి, హాల్ సెన్సర్లలో చాలావరకు ఒక ధ్రువానికే స్పందిస్తాయి. ఈ పరీక్ష అరాల్డైట్ వేయక ముందు చేయాలని వేరే చెప్పాలా? కొనేటప్పుడు ధర కొంచెం ఎక్కువైనా హాల్ రకమే కొనండి. రాళ్ళ బాటలో రీడ్ స్విచ్ లోపలి రేకులు అదిరి దొంగ పల్సులు పంపుతాయి.

వైరు దారికి కొత్త ఆలోచన వద్దు, బ్రేకు హోస్ వెంట పోనివ్వండి. ముందు షాకప్ ఎంత మునిగినా, హ్యాండిల్ ఎటు తిరిగినా తెగని దారి కంపెనీవాళ్ళు దానికి ముందే వెతికిపెట్టారు. కేబుల్ టై బిగించేటప్పుడు హోస్ నొక్కుకుపోకూడదు. మెరిసే షాకప్ రాడ్ మీద టై వేస్తే ఆయిల్ సీల్ పోతుంది.

చుట్టుకొలత. కాగితం మీద లెక్క వేస్తే 90/90-19కి 2025 మి.మీ., ఎక్స్‌పల్స్, హిమాలయన్ 411 ముందు ఉండే 90/90-21కి 2185, మోటోక్రాస్ 80/100-21కి 2178 వస్తాయి. ఇవి మనిషి ఎక్కని, గాలి తప్ప బరువు తెలియని టైరు లెక్కలు. బరువు పడితే టైరు నొక్కుకుని తగ్గుతుంది. అందుకే కొలవాలి. మీరు తోలే గాలి పెట్టి, బండి మీద కూర్చుని, వాల్వు కిందకి వచ్చినచోట నేల మీద సుద్దతో గీత గీయించండి. ఇంకొకరు మెల్లగా నెట్టాలి. మూడు పూర్తి చుట్లు తిరిగాక మళ్ళీ గీత. మధ్య దూరం 5925 మి.మీ. వస్తే మూడుతో భాగిస్తే 1975. మీటరులో ఎక్కించాల్సింది అది. పెట్టెలోంచి వచ్చినప్పుడున్న 2185ని అలాగే వదిలేస్తే అసలు 60లో పోతున్నప్పుడు మీటరు 66 చూపిస్తుంది.

ఒకే అయస్కాంతంతో 40 వేగంలో సెకనుకి అయిదారు పల్సులు వస్తాయి, మీటరు హాయిగా లెక్కపెట్టుకుంటుంది. రాళ్ళ మధ్య 6 వేగంలో పోతే సెకనుకి ఒకటి కూడా రాదు, అంకె ఆలస్యంగా మారుతుంది. అది లోపం కాదు. ఓపిక లేనివాళ్ళు సరిగ్గా ఎదురెదురుగా రెండు అయస్కాంతాలు పెట్టి, అయస్కాంతాల సంఖ్య 2 అని ఎక్కించాలి. ఆ సెట్టింగ్ లేని మీటరులో చుట్టుకొలతను సగం చేసి 988 ఇవ్వండి.

అభ్యాసం. ఒక ఆదివారం మొత్తం పడుతుంది, ముక్కలు చేయకండి. ముందు మీ బండిలో మీటరుకి ఇచ్చిన ప్రతి వైరుకీ తాళం లేకుండా, తాళంతో, ఇంజన్ తిరుగుతూ మూడు వోల్టేజిలు రాయండి. చుట్టుకొలతను రోడ్డు గాలితో ఒకసారి, ట్రయల్ గాలితో ఒకసారి కొలవండి. తర్వాత తిన్నగా ఉన్న హైవే మీద కిలోమీటరు రాళ్ళ లెక్కన 10 కిలోమీటర్లు పోయి మీటరు ఎంత చూపిందో చూడండి. వంకర రోడ్డు మీద ఫోన్ జీపీఎస్‌ని నమ్మకండి, అది మలుపులు కోసేస్తుంది. పాత చుట్టుకొలతను అసలు దూరంతో గుణించి, మీటరు చూపిన దూరంతో భాగించండి. 2025 ఎక్కించిన మీటరు 10 కిలోమీటర్లకి 10.25 చూపితే, కొత్త అంకె 1976 వస్తుంది. ఆపైన అరగంట కంకర బాటలో తోలి, నీళ్ళు కొట్టి కడిగి, కార్డులతో సందు మళ్ళీ కొలవండి. మారి ఉంటే బ్రాకెట్ పల్చగా ఉందన్నమాట, 3 మి.మీ. పట్టీతో మళ్ళీ చేయండి. చివరగా ఇంజన్ ఆన్‌లో పెట్టి హ్యాండిల్‌ను ఈ కొస నుంచి ఆ కొసకి పది సార్లు తిప్పండి. మీటరు ఒక్కసారి కన్ను మూసినా వైరు ఎక్కడో లాగుతోంది.

వచ్చే పాఠం ఆర్‌పీఎం వైరు. దానికి ముందే స్పార్క్ ప్లగ్ విప్పి, దాని మీద అచ్చయిన అక్షరాలు రాసి పెట్టుకోండి, అందులో ఆర్ ఉందో లేదో ముఖ్యం. ఆర్‌పీఎం కోసం హై టెన్షన్ వైరుకి (ప్లగ్‌కి పోయే లావు వైరు) ఇప్పటికే మీటరు వైరు చుట్లు చుట్టేసినవాళ్ళు వాటిని విప్పేయండి. లేకపోతే ఈ పాఠంలో స్పీడు ఎందుకు ఎగురుతోందో మీకు అంతుపట్టదు.