కామన్ యాప్‌లో పది గళ్లు: వ్యాపకాలను ఎలా ఎంచుకోవాలి, ఎలా రాయాలి

జేఈఈ ర్యాంకుల లెక్కకు అలవాటుపడిన ఇళ్లలో అమెరికా కాలేజీల అడ్మిషన్ ఒక పట్టాన అర్థం కాదు. అక్కడ కటాఫ్ ఉండదు. మార్కులు గుమ్మం దాకా తీసుకెళ్తాయి. ఆ గుమ్మం దగ్గర అవే మార్కులతో వేలమంది నిలబడి ఉంటారు. వాళ్లలో కొందరిని లోపలికి పిలిచేటప్పుడు చదువు బయట పిల్లలు ఏం చేశారన్నది చూస్తారు. ఆ వ్యాపకాలను రాసేది కామన్ యాప్‌లో, అంటే ఒకే ఫారంతో చాలా కాలేజీలకు పంపే ఉమ్మడి ఆన్‌లైన్ దరఖాస్తులో. మార్కులే చాలకపోతే మాత్రం వ్యాపకాలు ఆ లోటు పూడ్చలేవు.

ముందుగా, దరఖాస్తు చేయాలనుకునే కాలేజీ పేరుకు ‘కామన్ డేటా సెట్’ (కాలేజీలు తమ అడ్మిషన్ల వివరాలు ప్రకటించే పత్రం) అని చేర్చి నెట్‌లో వెతకండి. అందులో సి7 అనే పట్టిక ఉంటుంది. వ్యాపకాలు, ప్రత్యేక ప్రతిభ, వ్యక్తిత్వం, సేవ, ఉద్యోగానుభవం ఒక్కొక్కటీ తమకు ‘చాలా ముఖ్యం’, ‘ముఖ్యం’, ‘పరిగణిస్తాం’, ‘పరిగణించం’ అన్న నాలుగింటిలో ఏదో కాలేజీయే అక్కడ గుర్తు పెడుతుంది. ఏ కాలేజీకి ఎంత శ్రమ పెట్టాలో ఈ ఒక్క పేజీ చెబుతుంది. కన్సల్టెంట్ మాట కంటే దీన్ని నమ్మండి.

లోపల ఎలా తూచుతారో, అడ్మిషన్లలో వివక్ష చూపుతోందంటూ హార్వర్డ్ మీద వేసిన కేసు 2018 విచారణలో బయటపడింది. అక్కడ వ్యాపకాలకు 1 నుంచి 6 దాకా అంకె వేసేవారు. జాతీయ స్థాయి విజయమో, వృత్తి కళాకారుల స్థాయో ఉంటే 1. స్కూల్లో గట్టి బాధ్యత మోస్తే, అంటే పత్రిక ఎడిటరో క్లాస్ ప్రెసిడెంటో అయితే, 2. చురుగ్గా పాల్గొన్నా ప్రత్యేకత లేకపోతే 3. పెద్దగా ఏమీ చేయకపోతే 4. మనవాళ్లు తప్పక గమనించాల్సింది ఆ తర్వాతి రెండు. ఇంటి బాధ్యతలు, చదువుకుంటూ చేసే ఉద్యోగం లాంటివి ఎక్కువగా ఉంటే 5. పరిస్థితుల వల్ల వ్యాపకాలకు వీల్లేకపోతే 6. ఈ రెండూ తక్కువ మార్కులు కావు, ఆ దరఖాస్తును వేరే కళ్లతో చూడమని చెప్పే గుర్తులు.

కాబట్టి పదకొండో తరగతిలో హడావిడిగా పది క్లబ్బుల్లో చేర్పించడం డబ్బూ కాలమూ దండగ. తొమ్మిదో తరగతిలోనే రెండు మూడు పట్టుకుని నాలుగేళ్లూ వదలకుండా చేయనివ్వండి. అమెరికాలోని తెలుగు ఇళ్లలో కూచిపూడి, కర్ణాటక సంగీతం, రోబోటిక్స్ మామూలు. రంగప్రవేశం అయిందన్న ఒక్క మాటతో పని జరగదు, అలాంటి దరఖాస్తులు అడ్మిషన్ ఆఫీసర్లు చాలానే చూశారు. ఆ తర్వాత ఏం చేశారన్నదే తేడా తెస్తుంది. చిన్నపిల్లలకు అడుగులు నేర్పారా, నట్టువాంగం పట్టారా, వృద్ధాశ్రమంలో నెలనెలా ప్రదర్శన ఇచ్చారా? మనబడిలో, అంటే అమెరికాలో తెలుగు నేర్పే బడిలో, చదివిన పిల్ల అక్కడే వాలంటీరుగా పాఠం చెబితే దానికీ అంతే విలువ.

రెండింటికి దూరంగా ఉండండి. ఒకటి, దరఖాస్తుకు ఏడాది ముందు పుట్టే స్వచ్ఛంద సంస్థ. ఒక వెబ్‌సైటు, నాలుగు ఫొటోలు తప్ప పని లేకపోతే చదివేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. రెండోది, వేలకు వేల డాలర్లు తీసుకుని పేరున్న క్యాంపస్‌లో నడిపే వేసవి కోర్సులు. డబ్బు కడితే దొరికే సీటును ఎవరూ ఘనతగా చూడరు. ఎంఐటీలో జరిగే ఆర్‌ఎస్‌ఐ (రీసెర్చ్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్) అనే వేసవి పరిశోధన శిబిరం లాంటివి వేరు, గట్టి పోటీలో ఎంచుకుంటారు, ట్యూషన్ ఫీజు ఉండదు.

ఇంటర్ హాస్టల్లో తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్స్‌లో ఉండే పిల్లల సంగతేమిటి? 9, 10 తరగతులు కూడా లెక్కలోకి వస్తాయి, అప్పటివి రాయండి. గణితం ఇష్టమైతే గణిత ఒలింపియాడ్ తొలి దశ పరీక్ష ఐఓక్యూఎమ్ రాయించండి. సెలవుల్లో నాన్న కొట్లో లెక్కలు చూసినా, నానమ్మను ఆస్పత్రికి తిప్పినా, తమ్ముడికి చదువు చెప్పినా నామోషీ పడకుండా పెట్టండి, కామన్ యాప్‌లో కుటుంబ బాధ్యతలకు విడిగా ఒక విభాగమే ఉంది. ఇంటర్ కాలేజీలో ఆటలకూ క్లబ్బులకూ టైమ్‌టేబుల్లో చోటు లేదన్న సంగతి ప్రిన్సిపాల్ దరఖాస్తుతో పంపే తన లేఖలో రాయాలి. ఆయనంతట ఆయన రాయరు, మీరే అడగాలి.

ఇక ఫారం. గళ్లు పది, అన్నీ నింపాలన్న నియమం లేదు. ఒక్కో గడిలో హోదాకు 50 అక్షరాలు, సంస్థ పేరుకు 100, వివరణకు 150. ఖాళీలు కూడా అక్షరాలుగానే లెక్క. అందుకే ‘నేను’ తీసేసి, క్రియతో మొదలుపెట్టి, అంకెలతో నింపాలి. ‘పిల్లలకు తెలుగు నేర్పడం ద్వారా నాయకత్వం అలవడింది’ అంటే ఏమీ చెప్పినట్టు కాదు. ‘6-8 ఏళ్ల పిల్లలు 14 మందికి అక్షరాలు నేర్పాను, గుణింతాల ఆటకార్డులు తయారుచేశాను’ అంటే మనిషి కనిపిస్తాడు. గళ్లను తేదీల వరుసలో కాదు, ప్రాముఖ్యాన్ని బట్టి పేర్చండి. బహుమతులకు విడిగా ఐదు గళ్లున్నాయి, వాటిని ఇక్కడ మళ్లీ రాసి చోటు పాడుచేయొద్దు.

ఎక్కువమంది బోల్తా పడేది గంటల దగ్గర. వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అని అడుగుతారు. డ్యాన్సు క్లాసు 3, ఇంట్లో సాధన 4, మొత్తం 7 గంటలు, 40 వారాలు. దీపావళి నాటకం కోసం ఐదు వారాలు రోజూ రిహార్సల్స్ అయితే 20 గంటలు, 5 వారాలు అనే వేయండి, ఏడాది మొత్తానికి సగటు తీయొద్దు. చివర అన్నీ కూడండి. వారానికి 168 గంటలే. నిద్రకు 56, స్కూలుకు 35 పోతే మిగిలేది 77, అందులోనే హోంవర్క్, తిండి, ప్రయాణం. ఒకే కాలంలో నడిచే వ్యాపకాలు 60 గంటలు దాటితే మిగతా గళ్లనూ అనుమానంగానే చదువుతారు.

అబద్ధం అసలే వద్దు. ఆడని ఆటలకు క్రీడాకారులుగా పిల్లల్ని చూపించిన 2019 కుంభకోణంలో తల్లిదండ్రులు జైలుకు వెళ్లారు. కాలిఫోర్నియా యూనివర్సిటీ (యూసీ) కొందరిని ఎంపిక చేసి రుజువులు అడుగుతుంది. తన సొంత ఫారంలో 20 వివరాల దాకా తీసుకుంటుంది, ఒక్కో వివరణకు 350 అక్షరాలు. ఎంఐటీ నాలుగే అడుగుతుంది. అందుకని మొదటి నాలుగు ఏవో ముందే తేల్చుకోండి.

తొమ్మిదో తరగతి నుంచే ఒక నోటుబుక్కు పెట్టించండి: తేదీ, గంటలు, చేసిన పని, చూసిన పెద్దవాళ్ల పేరు. ఫారం ఆగస్టు 1న తెరుచుకుంటుంది, ముందస్తు దరఖాస్తులకు చాలాచోట్ల నవంబర్ 1 గడువు. జూన్, జూలైల్లోనే చిత్తుప్రతి రాసి, ఆ జాబితా కాపీని సిఫారసు లేఖ రాసే టీచర్లకు, స్కూల్ కౌన్సిలర్‌కు సెప్టెంబరు లోపే అందజేయండి. పిల్లవాడు రాసినదానికీ వాళ్లు రాసినదానికీ పొంతన ఉందా అని అడ్మిషన్ ఆఫీసర్లు పక్కపక్కన పెట్టి చూస్తారు.