చిన్న బాయిలర్‌కు మంట పెట్టే ముందు

నమూనా ఆవిరి ఇంజన్‌కు పెట్టే బాయిలర్ చూడ్డానికి చెంబంత ఉంటుంది. 75 మి.మీ. వ్యాసం, 150 మి.మీ. పొడవు, లోపల అర లీటరు నీళ్లు. ఇంట్లో కుక్కర్ చదరపు సెంటీమీటరుకు సుమారు కిలో ఒత్తిడితో పనిచేస్తే, ఇది 3 కిలోలతో పనిచేస్తుంది. అప్పుడు లోపలి నీళ్లు 143 డిగ్రీల వేడిలో ఉంటాయి. అతుకు ఊడిందంటే ఆ నీళ్లలో 40 గ్రాములు అప్పటికప్పుడే 60 లీటర్లకు పైగా ఆవిరై, మిగతా సలసల మరిగే నీళ్లను వెంటేసుకుని బయటికి తన్నుకొస్తాయి. 25 లీటర్ల లోపు బాయిలర్లకు మన బాయిలర్ల చట్టం వర్తించదు. అంటే దీన్ని చూడ్డానికి ఇన్‌స్పెక్టర్ రాడు. తనిఖీ భారమంతా చేసినవాళ్ల మీదే.

బాయిలర్ ఒంటికి 1.6 మి.మీ. మందం రాగి గొట్టం ధారాళంగా సరిపోతుంది. తేడా వచ్చేది చదును మూతల దగ్గర. 75 మి.మీ. మూత మీద 3 కిలోల ఒత్తిడంటే మొత్తం 130 కిలోల తోపు, ఇద్దరు మనుషులు ఎక్కి నిలబడ్డట్టు. అందుకే మూతకు 3 మి.మీ. రేకు తీసుకుని అంచు వంచాలి. ఒక మూత నుంచి రెండో మూత దాకా మధ్యలో కడ్డీ వేసి రెండు కొసలా అతకాలి. ఆ కడ్డీ, వాల్వులు బిగించే బుష్‌లు (లోపల మరలున్న చిన్న గొట్టపు ముక్కలు) కంచువి గానీ ఫాస్ఫర్ బ్రాంజ్‌వి గానీ కావాలి. ఇత్తడి పనికిరాదు. వేడి నీళ్లలో ఇత్తడిలోని జింక్ మెల్లగా కరిగిపోయి, గుల్లబారిన ఎర్రటి రాగి మిగులుతుంది. పైకి బాగానే కనిపిస్తుంది, స్పానర్ పెడితే మరలు పొడిపొడిగా రాలిపోతాయి.

అతుకులు తగరం మాటుతో వేయకండి. అది 183 డిగ్రీలకే కరుగుతుంది, బలం అంతకంటే ముందే పోతుంది. నీళ్లు తగ్గి మంట తగిలేచోట రాగి పొడిబారితే ఆ వేడి రావడానికి ఎంతోసేపు పట్టదు. 55 శాతం వెండి ఉన్న బ్రేజింగ్ రాడ్ (కరిగించి అతుకు వేసే కడ్డీ) 630 నుంచి 660 డిగ్రీల మధ్య కరుగుతుంది, అదే వాడండి. దీనికి ఉత్త వెలిగారం చాలదు, ఎందుకంటే అది పనిచేయడం మొదలుపెట్టే వేడి ఇంతకంటే ఎక్కువ. ఈ రాడ్‌కు సరిపోయే ఫ్లక్స్ (అతుకు పట్టేలా లోహాన్ని శుభ్రంగా ఉంచే మందు) కొనండి. రాడ్‌లో కాడ్మియం లేదని ప్యాకెట్ మీద చూసుకోండి. ఆ పొగ పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి, పైగా ఆ సంగతి గంటల తర్వాత గానీ తెలియదు. ముక్కల మధ్య సందు 0.1 మి.మీ. దగ్గర ఉంచి, మంట రాడ్‌కు కాకుండా రాగికి చూపండి. వెండి ఆ సందులోంచి పాకి అవతలి అంచున సన్నటి మెరుపు గీతలా కనబడాలి. ఆ గీత లేకపోతే అతుకు సగమే పడింది. చల్లారాక లీటరుకు 100 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, ఫ్లక్స్ పెంకు మిగలకుండా కడగండి. పిన్ను మొనంత బెజ్జాన్ని కూడా ఆ పెంకు మూసేసి, పరీక్షలో బయటపడకుండా చేస్తుంది.

ఇక అసలు పని చన్నీళ్ల పరీక్ష, అంటే బాయిలర్ నిండా చన్నీళ్లు నింపి చేతి పంపుతో ఒత్తిడి ఎక్కించి చూడటం. కొత్త బాయిలర్‌కు పని ఒత్తిడికి రెట్టింపు, అంటే 6 కిలోలు. గాలితో ఎప్పుడూ చేయకండి, సైకిల్ పంపుతో కూడా. 6 కిలోల ఒత్తిడికి, బాయిలర్ నిండా పట్టే 660 మి.లీ. నీళ్లు కుంచించుకునేది 0.2 మి.లీ. లోపే, నాలుగు చుక్కలు. అతుకు తెగితే ఆ నాలుగు చుక్కలు కారి ఒత్తిడి పడిపోతుంది. అదే గాలైతే నాలుగు లీటర్ల దాకా ఉబ్బి ముక్కల్ని విసిరికొడుతుంది.

సేఫ్టీ వాల్వు, నీటిమట్టం చూసే గాజు గొట్టం తీసేసి, ఆ రంధ్రాలకు మరల బిరడాలు బిగించండి. వాల్వు స్ప్రింగును నొక్కి బిగించి పని కానివ్వకండి, స్ప్రింగు పాడవుతుంది. అన్నిటికంటే ఎత్తున ఉన్న రంధ్రాన్ని మాత్రం తెరిచి ఉంచి, బాయిలర్‌ను అటూ ఇటూ వంచుతూ బుడగలు ఆగేదాకా నీళ్లు పోసి, అప్పుడు మూయండి. చేతి పంపు నాలుగైదుసార్లు కొట్టినా ఒత్తిడి చూపే గేజీ ముల్లు కదలకపోతే గాలి మిగిలిందనో, పంపు వాల్వు పట్టడం లేదనో అర్థం. 10 కిలోల దాకా చూపే గేజీ పెట్టి, దాన్ని ముందే ఇంకో గేజీతో సరిచూసుకోండి.

కిలో కిలో చొప్పున పెంచుతూ ప్రతిచోటా రెండు నిమిషాలు ఆగండి. మొదలుపెట్టక ముందు, 6 కిలోల దగ్గర, దించాక, మూడుసార్లు మూతల ఉబ్బును వెర్నియర్‌తో (మి.మీ.లో చిన్న భాగాల దాకా కొలిచే స్కేలు) కొలవండి. బ్రేజింగ్ వేడికి మెత్తబడిన రాగి మొదటిసారి వెంట్రుకవాసి ఉబ్బి అక్కడే ఆగిపోతే కంగారుపడనక్కర్లేదు. ఒత్తిడి పెంచకపోయినా ఉబ్బు పెరుగుతుంటే వెంటనే దించేయండి. 6 దగ్గర అరగంట నిలవాలి.

ఈ పరీక్ష నీడలోనే చేయాలి. నిండుగా మూసిన నీళ్లు ఒక్క డిగ్రీ వేడెక్కినా ముల్లు బాగా పైకి లేస్తుంది, చల్లబడితే కారుతున్నట్టు దిగుతుంది. వేసవిలో ఎండలో పెట్టి అన్నానికి వెళ్లొస్తే మంచి బాయిలర్ కూడా చెడుతుంది. చెమ్మ కనబడితే సుద్దతో గుర్తు పెట్టి, ఒత్తిడి పూర్తిగా దించి, నీళ్లు తీసేసి, శుభ్రం చేసి మళ్లీ బ్రేజ్ చేయండి. ఒత్తిడి ఉండగా ఏ నట్టూ బిగించకండి.

ఇది నెగ్గాకే ఆవిరి. బిరడాలు తీసి సేఫ్టీ వాల్వు, గాజు గొట్టం తిరిగి బిగించి, మూడొంతుల్లో రెండొంతులు నీళ్లు పోసి, కళ్లద్దాలు పెట్టుకుని సన్నమంటతో మొదలుపెట్టండి. 3 కిలోల దగ్గర సేఫ్టీ వాల్వు లేవాలి. తర్వాత ఇంజన్‌కు వెళ్లే వాల్వు మూసి బర్నర్ పూర్తిగా తెరవండి. ముల్లు 3.3 దాటకూడదు. దాటితే బర్నర్ ఇచ్చేంత ఆవిరిని ఆ వాల్వు వదల్లేకపోతోందన్నమాట, మంట ఆపి పెద్ద వాల్వు వేయాలి. గాజు గొట్టంలో నీళ్లు కనబడకపోతే ముందు మంట ఆపండి, వేడి తగ్గేదాకా నీళ్లు ఎక్కించకండి.

బోరు నీళ్లు వద్దు, వడగట్టిన వాననీళ్లు వాడండి. పని అయ్యాక ఒత్తిడి సున్నాకు వచ్చి ఇంకా వెచ్చగా ఉండగానే వాల్వు తెరిచి ఖాళీ చేయండి. మూసి ఉంచితే ఆవిరి చల్లబడి లోపల శూన్యం ఏర్పడుతుంది. ఏడాదికోసారి చన్నీళ్ల పరీక్ష మళ్లీ చేయాలి, ఈసారి ఒకటిన్నర రెట్లు, అంటే 4.5 కిలోలు చాలు. తేదీ, ఒత్తిడి, మూతల కొలతలు ఒక కార్డు మీద రాసి బాయిలర్‌తోనే ఉంచండి.