పెరట్లో చిమ్మటల ఫొటోలు: రావట్లేదా, వచ్చినా కుదరట్లేదా?

చీకటి పడ్డాక దండెం మీద తెల్లగుడ్డ ఆరేసి లైటు వేస్తే చిమ్మటలు వచ్చి వాలతాయి. పద్ధతి ఇంతే. కుదరకపోతే చాలామంది ముందు కెమెరాను అనుమానిస్తారు. నన్నడిగితే ముందు బల్బును, తర్వాత వాతావరణాన్ని, ఆ తర్వాతే కెమెరాను చూడాలి.

గుడ్డ ఖాళీగానే ఉంది

మామూలు తెల్ల ఎల్‌ఈడీ బల్బు వేసి ఉంటారు. చిమ్మటలను బాగా లాగేది మన కంటికి కనపడని అతినీలలోహిత (యూవీ) కాంతి. ఇళ్లలో వాడే ఎల్‌ఈడీల్లో అది దాదాపు ఉండదు. యూవీ లైటు కొనండి. పెట్టె మీద 365 లేదా 395 నానోమీటర్లు అని ఉంటుంది, 365 దొరికితే అదే తీసుకోండి. దానివంక నేరుగా మాత్రం చూడొద్దు.

బల్బు సరైనదే అయితే వాకిట్లో లైటు ఆర్పారా, వీధిలైటు గుడ్డ మీద పడుతోందా చూడండి. పౌర్ణమికి అటూ ఇటూ తక్కువే వస్తాయి. అమావాస్య దగ్గర, గాలాడక ఉక్కపోసే రాత్రి అయితే పండగే. తొలకరి నుంచి కార్తీకం దాకా సీజను. సంక్రాంతి చలిలో రాకపోతే తప్పు మీది కాదు.

కొన్నింటికి లైటు కన్నా తిండి మీద ధ్యాస ఎక్కువ. బత్తాయి కాయలకు తొండం గుచ్చి రసం పీల్చే పెద్ద చిమ్మటలు ఆ రకం. బాగా మగ్గిన అరటిపండు, బెల్లం, కాస్త కల్లు కలిపి పిసికి, పొద్దుగూకే వేళ చెట్టు మొదలుకు పూయండి. చీమలూ వస్తాయి, అదో గోల. రాధామనోహరం తీగ ఉంటే ఇంకా నయం: అప్పుడే విచ్చిన తెల్లపూల దగ్గర గాల్లో నిలబడి తేనె తాగే పెద్ద చిమ్మటలు దొరుకుతాయి.

గుడ్డ నిండా ఉసిళ్ళే

వాన వెలిసిన సాయంత్రం ఇది మామూలే. లైటు ఆపేసి ఓ గంట ఆగండి. ఉసిళ్ళు రెక్కలు రాల్చుకుని నేల పట్టేస్తాయి. వరిపొలం పక్క ఇళ్లకు పైరును పట్టే దోమ బెడద ఉంటుంది. లైటు పొలానికి కనపడకుండా గోడ చాటున పెట్టుకోండి.

వాలినవి వాలినట్టే మాయం

గుడ్డను గోడకు ఆనించి కట్టారు, బల్లులకు విందు. గోడకు దూరంగా కట్టండి.

చేతి మీద బొబ్బలు

నలుపు, నారింజ పట్టీలతో చీమలా ఉండే సన్నటి పురుగు లైటుకు వస్తుంది. ఒంటి మీద నలిపితే దాని రసానికి చర్మం పొక్కుతుంది. ఊదేయండి, నలపొద్దు. నలిగితే వెంటనే సబ్బుతో కడగండి.

ఫొటో ఊదారంగులో, లేదా చారలతో వస్తోంది

ఊదారంగు యూవీ లైటుది. పైగా బట్టల సబ్బు పొడిలోని తెల్లదనం ఇచ్చే రసాయనాలు ఆ కాంతికి నీలంగా మెరుస్తాయి. ఫొటో తీసేటప్పుడు యూవీ ఆర్పి, టిష్యూ కాగితం చుట్టిన టార్చిని పక్కనుంచి వేయండి. చారలకు కారణం కరెంటు: మన సరఫరా 50 హెర్ట్జ్ కాబట్టి చవక బల్బులు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కెమెరాలో షట్టర్ వేగం 1/100 లేదా 1/50 సెకను పెడితే సర్దుకుంటుంది. చిమ్మట నల్లగా పడితే తెల్లగుడ్డ కెమెరాను మోసం చేసినట్టే. ఎక్స్‌పోజర్ ఒక మెట్టు పెంచండి.

ఫొటో చెదిరిపోతోంది

ముందు చిమ్మటను చూడండి. రెక్కలు సన్నగా వణుకుతున్నాయా? ఎగరబోయే ముందు కండరాలను అలా వేడెక్కించుకుంటుంది, కాసేపట్లో లేచిపోతుంది. దాని వెంట పడకుండా కదలక కూర్చున్నదాన్ని ఎంచుకోండి. ఫోను మరీ దగ్గరికి పెట్టకుండా కాస్త వెనక్కి జరిగి 2ఎక్స్ జూమ్ వాడండి. రెక్కలు పరిచి ఉంటే ఫోను గుడ్డకు సమాంతరంగా ఉండాలి, లేదంటే ఒక రెక్కే స్పష్టంగా వస్తుంది.

ఫొటో బాగుంది, పేరే తెలియట్లేదు

పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి తీసి మాత్స్ ఆఫ్ ఇండియా వెబ్‌సైట్‌లో పోల్చుకోండి. అయినా తేలకపోతే వెనక రెక్కలు కావాలి. ఆముదాన్ని తినే దాసరి పురుగు ఎదిగితే కూర్చున్నప్పుడు ఉత్త గోధుమరంగు చిమ్మట. గడ్డిపోచతో ముందు రెక్కను మెల్లగా జరిపితే, నల్లటి వెనక రెక్క మీద తెల్ల పట్టీ, అంచున తెల్ల మచ్చలు బయటపడతాయి. ఎగిరిపోయే లోపు ఆ ఒక్క ఫొటో తీస్తే చాలు.