గాల్‌బ్లాడర్ తీసేటప్పుడు తేడాగా ఉన్న డక్టుల్ని, ధమనుల్ని పసిగట్టడం ఎలా

పాఠ్యపుస్తకంలో గీసిన అమరిక అందరికీ ఉండదు. శరీర నిర్మాణ శాస్త్రవేత్త మైకెల్స్ 200 మృతదేహాలను పరిశీలించి 1966లో కాలేయ ధమనులను పది రకాలుగా విడగొట్టాడు. ‘మామూలు’ రకం వాటిలో 55 శాతమే. డక్టుల (పిత్తం పారే గొట్టాల) సంగతీ ఇంచుమించు అంతే. అలాగని పది రకాలూ బట్టీ పట్టి థియేటర్‌లోకి వెళ్తే లాభం లేదు. గొట్టం ఎక్కడ పుట్టిందో వెతుక్కుంటూ పోకండి. అది గాల్‌బ్లాడర్‌లోకి వెళ్తోందా లేదా అన్నది తేల్చండి. పేరు పెట్టడం ఆ తర్వాత.

రాళ్లున్న ప్రతివాళ్లకీ ఎంఆర్‌సిపి (పిత్త గొట్టాల ఎంఆర్‌ఐ) అక్కర్లేదు. లివర్ పరీక్షలు తేడాగా ఉన్నా, సిబిడి (పిత్తాన్ని పేగుకి తీసుకెళ్లే ముఖ్య గొట్టం) వెడల్పయినా, మిరిజి (గాల్‌బ్లాడర్ మెడలో ఇరుక్కున్న రాయి పక్క డక్ట్‌ని నొక్కడం) అనుమానం ఉన్నా తీయించండి. రిపోర్టుతో సరిపెట్టుకోకుండా ఫిల్ములు మీరే చూడండి. సిస్టిక్ డక్ట్ (గాల్‌బ్లాడర్ నుంచి వచ్చే గొట్టం) ఎక్కడ కలుస్తోంది? కుడి పోస్టీరియర్ డక్ట్ (కాలేయం కుడి వెనక భాగపు గొట్టం) విడిగా కిందికి దిగుతోందా? ఈ రెండోదే అసలు ప్రమాదం. అది ఒక్కోసారి కామన్ హెపాటిక్ డక్ట్‌లో (కాలేయం నుంచి దిగే ఉమ్మడి గొట్టంలో) కింద కలుస్తుంది, అరుదుగా సిస్టిక్ డక్ట్‌లోనే కలుస్తుంది. పొరపాటున తెగితే 6, 7 సెగ్మెంట్ల పిత్తం కడుపులోకి కారుతుంది. మిగతా కాలేయం బాగానే పనిచేస్తుంది కాబట్టి కామెర్లు కనబడకపోవచ్చు. తెగిన కొమ్మలోకి కాంట్రాస్ట్ వెళ్లదు కనుక ఈఆర్‌సిపిలో (ఎండోస్కోప్‌తో కాంట్రాస్ట్ ఎక్కించి తీసే ఎక్స్‌రేలో) లీకూ కనబడకపోవచ్చు. ఫిల్ము ‘నార్మల్’ అనిపించినా కొమ్మలు లెక్కపెట్టండి.

థియేటర్‌లో మొదట లాగే దిశ సరిచూసుకోండి. ఫండస్‌ని (గాల్‌బ్లాడర్ గుండ్రటి కొనని) రోగి కుడి భుజం వైపు, హార్ట్‌మన్ పౌచ్‌ని (మెడ దగ్గరి సంచిని) కుడి పక్కకి, కొద్దిగా కిందికి లాగాలి. పౌచ్‌ని కూడా పైకే లాగితే సిస్టిక్ డక్ట్, సిబిడి ఒకే గీతలోకి వచ్చేస్తాయి. అప్పుడు సిబిడికే క్లిప్ పడుతుంది. రూవియే గాడి (కాలేయం కుడి భాగం అడుగున ఉండే గాడి) కనబడితే దాని నుంచి 4వ సెగ్మెంట్ అడుగుకి ఒక గీత ఊహించుకుని, దానికి పైనే పనిచేయండి. వెనకవైపు పెరిటోనియం (పైన కప్పే పల్చటి పొర) ముందు తెరవడం మేలు.

క్లిప్ వేయడానికి ముందు, 1995లో సర్జన్ స్ట్రాస్‌బర్గ్ చెప్పిన మూడు షరతులూ తీరాలి. సిస్టిక్ డక్ట్, కామన్ హెపాటిక్ డక్ట్, కాలేయం మధ్యనున్న త్రికోణంలో కొవ్వు, పీచు పూర్తిగా పోవాలి. గాల్‌బ్లాడర్ కింది మూడో వంతు కాలేయం మంచం (అది అతుక్కుని ఉండే చోటు) నుంచి విడిపడాలి. గాల్‌బ్లాడర్‌లోకి రెండే గొట్టాలు వెళ్తూ కనబడాలి. ముందు నుంచి, వెనక నుంచి రెండువైపులా చూసి ఫోటో తీయించండి. రెండు షరతులు తీరాయి కదా అని సర్దుకుపోవడం చాలా మామూలు అలవాటు. మూడో గొట్టం దొరికేది సరిగ్గా అక్కడే.

ధమనుల విషయంలో మందాన్ని బట్టి అనుమానించండి. సిస్టిక్ ఆర్టరీ (గాల్‌బ్లాడర్ ధమని) అనుకున్నది 3 మి.మీ. దాటి లావుగా, గట్టిగా కొట్టుకుంటుంటే అది కుడి హెపాటిక్ ఆర్టరీ (కాలేయం కుడి భాగపు ధమని) కావచ్చు. మోయినిహాన్ వంపులో అది గాల్‌బ్లాడర్ దాకా వంకర తిరిగి వస్తుంది, దాని నుంచి పుట్టే సిస్టిక్ ఆర్టరీ పొట్టిగా ఉంటుంది. సుపీరియర్ మెసెంటెరిక్ (పేగులకి వెళ్లే పెద్ద ధమని) నుంచి పుట్టిన కుడి ధమని అయితే సిబిడికి వెనక, కుడిపక్కగా పైకి ఎక్కి సిస్టిక్ డక్ట్ పక్కకే వస్తుంది. విప్పుల్ (పాంక్రియాస్ తల తీసే ఆపరేషన్) చేసేవాళ్లు అక్కడ వేలుపెట్టి నాడి చూసేది ఇందుకే. రెండింటికీ జాగ్రత్త ఒక్కటే: లింఫ్ నోడ్‌కి బయటివైపు, గాల్‌బ్లాడర్ గోడకి ఆనుకునే విడదీయండి. ధమని గోడమీద కొమ్మలుగా విడిపోవడం చూశాకే క్లిప్ వేయండి. రెండు సిస్టిక్ ఆర్టరీలు ఉండడం కూడా కొత్త కాదు. వెనక కొమ్మని మరిచిపోతే మంచం విడదీసేటప్పుడు రక్తం చిమ్ముతుంది.

రక్తం వస్తే గుడ్డిగా క్లిప్పులు వేయొద్దు. గాజుగుడ్డతో కనీసం 5 నిమిషాలు నొక్కి పట్టి, సక్షన్ చేసి, మూలం కనబడ్డాకే కదలండి. ఈ కంగారులో కూడా డక్టు గాయాలు జరుగుతాయి.

మామూలు క్లిప్ డక్ట్ పూర్తి వెడల్పుని చుట్టలేకపోయినా, డక్ట్ డ్యుయోడినమ్ వెనక్కి దిగుతున్నట్టు కనబడినా ఆగిపోయి కొలాంజియోగ్రామ్ (డక్టుల్లోకి కాంట్రాస్ట్ ఎక్కించి ఎక్స్‌రే) తీయండి. ఎడమ, కుడి యాంటీరియర్, కుడి పోస్టీరియర్ మూడూ నిండాలి. పైభాగం అసలు నిండకపోతే మీ కెథీటర్ సిబిడిలో ఉండొచ్చు. ఐసిజి (డక్టుల్ని వెలిగించి చూపే రంగు మందు) కెమెరా ఉంటే, ఆపరేషన్‌కి ముప్పావు గంట ముందే 2.5 మి.గ్రా. ఇవ్వాలి. కొవ్వు దళసరిగా ఉన్నచోట మాత్రం దాని వెలుగు పైకి రాదు.

వాపుతో ఏదీ తేలకపోతే సబ్‌టోటల్ కొలిసిస్టెక్టమీ (గాల్‌బ్లాడర్‌లో కొంత వదిలేసి మిగతాది తీయడం) చేసి డ్రెయిన్ పెట్టి బయటికి రండి. దానికి సిగ్గుపడక్కర్లేదు. సిబిడి తెగిందని తెలిస్తే, అనుభవం లేని చేత్తో అక్కడికక్కడే కుట్టే ప్రయత్నం వద్దు. డ్రెయిన్ పెట్టి, తెగిన చోటు ఫోటోతో సహా హెపటోబిలియరీ (కాలేయం, పిత్త గొట్టాల) యూనిట్‌కి పంపండి.

కాలేయం మంచంలో కనిపించే సన్నటి పిత్త గొట్టాలు, అంటే లుష్కా డక్టులు, వేరే కథ. కాలేయంలోకి లోతుగా పోకుండా, సరైన పొరలో విడదీస్తే చాలావరకు తెగవు. మూసేముందు మంచం మీద తెల్ల గాజుగుడ్డ ఒత్తి తీసి పచ్చటి చుక్క అంటిందేమో చూడండి. అంటితే అక్కడే క్లిప్ గానీ కుట్టు గానీ వేయండి. తర్వాత రోజుల్లో డ్రెయిన్‌లో పిత్తం కనబడితే, ఈఆర్‌సిపి చేసి సిబిడిలో స్టెంట్ పెడితే ఇలాంటి లీకు చాలావరకు ఆగుతుంది.