ఒంటికి దెబ్బ తగలకుండా రకరకాల వ్యాయామాలు చేయడం ఎలా?

తెల్లవారుజామున మా విశాఖపట్నం బీచ్ రోడ్డు మీద బళ్లు ఆపేస్తారు కదా, ఆ వేళకి వెళ్లి చూడండి. వందల మంది నడుస్తుంటారు. ఏళ్ల తరబడి అదే రోడ్డు, అదే దూరం, అదే వేగం. గుండెకి మంచిదే, కాదనను. కానీ వాళ్లలో చాలామందిని ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడమంటే తూలిపోతారు. నేల మీద కూర్చుంటే చేయి ఆనించకుండా లేవలేరు. జిమ్‌కి వెళ్లే కుర్రాళ్లది ఇంకో వరస. ఛాతీ, భుజాలు బాగా పెంచుతారు, సింహాచలం మెట్లు సగం ఎక్కేసరికి పిక్కలు పట్టేసి కూర్చుండిపోతారు. ఇద్దరూ కష్టపడేవాళ్లే. ఇద్దరికీ దెబ్బ తగిలే అవకాశం ఉంది.

రోజూ ఒకే పని చేస్తే భారమంతా ఒకేచోట పడుతుంది, మిగతా ఒళ్లు బలహీనంగా ఉండిపోతుంది. కాబట్టి పనులు మార్చాలి. ఈ మాట అందరూ చెబుతారు. ఎలా మార్చాలో మాత్రం ఎవరూ చెప్పరు. ఉత్సాహంగా మొదలుపెట్టి, నెల తిరక్కుండానే మోకాలికి పట్టీ వేసుకుని కుంటుతూ కనిపించేవాళ్లని చూసి చూసి విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

కావలసినవి

ఒక జత బూట్లు, ఒక చాప, ఐదు కిలోల బియ్యం సంచి, ఒక గోడ. డంబెల్స్, ట్రెడ్‌మిల్ అక్కర్లేదు. బూట్లు సాయంత్రం పూట కొనండి. పొద్దున్నించి తిరిగిన పాదం కాస్త ఉబ్బి ఉంటుంది, సరైన కొలత అప్పుడే తెలుస్తుంది. కాలివేళ్ల ముందు చేతి బొటనవేలు పట్టేంత ఖాళీ ఉండాలి. 700, 800 కిలోమీటర్లు నడిచాక పైకి కొత్తగా కనిపించినా మార్చేయండి. లోపలి మెత్తదనం అప్పటికే పోయి ఉంటుంది.

చెవుల్లో పాటలు పెట్టుకుని వ్యాయామం చేయకూడదు. మీ అడుగు చప్పుడు మీకు వినబడాలి. మొదట్లో మెత్తగా పడే అడుగు, అలసిపోయాక దబ్‌దబ్‌మని పడుతుంది. ఇక చాలు అని ఒళ్లు చెప్పేది అప్పుడే. పాటల్లో మునిగితే ఆ కబురు మీకు చేరదు.

ముందు మీకేది తక్కువో చూసుకోండి

గోడ పక్కన చెప్పుల్లేకుండా నిలబడి ఒక కాలు ఎత్తండి. రెండో కాలితోనూ చేయండి. తర్వాత గోడకి వేళ్లు ఆనించి, ఒంటికాలి మీద మడమ ఎత్తి దించండి. కుడికాలు ఎన్నిసార్లు, ఎడమకాలు ఎన్నిసార్లు చేయగలిగాయో లెక్కపెట్టుకోండి. ఆ తర్వాత మడమలు నేలకి ఆన్చి గొంతుక్కూర్చోండి. అంకెలు పెద్దగా ఉండాలని లేదు, రెండు కాళ్ల మధ్య తేడా ఎంతో చూడాలి. ఒక కాలు 20 సార్లు లేచి రెండోది 11 దగ్గర ఆగిపోతే, మీరు రోజూ నడిచే నడకలో భారం ఎటు పడుతోందో తెలిసిపోయినట్టే. వారం ఎలా గడపాలో దీన్నిబట్టి వేసుకోండి.

వారం వేసుకోవడం

ఒంటికి ఐదు రకాల పనులు కావాలి. దూరం, బలం, నిలకడ, పక్కకి కదలడం, సాగదీయడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఒక మోస్తరు శ్రమ, కనీసం రెండు రోజులు కండరాల బలానికి పని ఉండాలి. 65 ఏళ్లు దాటినవాళ్లు మూడు రోజులు నిలకడ సాధన కూడా చేయాలి. మన నడక సంఘాల్లో ఈ రెండో సగం గురించి మాట్లాడేవాళ్లు అరుదు. అందరి నోటా పదివేల అడుగులే. ఆ పదివేల లెక్క 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే పరికరం ఒకటి అమ్మకానికి వచ్చినప్పుడు ప్రచారంలోకి వచ్చింది. డాక్టర్లు పరీక్షలు చేసి తేల్చిన అంకె కాదది. రాత్రి పదకొండింటికి లెక్క పూర్తి చేయడానికి హాల్లో గుండ్రంగా తిరిగే బదులు పడుకోండి, ఒంటికి అదే మేలు.

నేనైతే సోమ, శుక్రవారాలు నడక పెడతాను. మంగళ, శనివారాలు ఇంట్లోనే దండీలు, బస్కీలు, బియ్యం సంచి గుండెకి హత్తుకుని కుర్చీలోంచి లేవడం. గురువారం ఈత. సముద్రంలో వద్దు. ఆర్కే బీచ్‌లో మోకాలి లోతు నీళ్లలోనే అల కాళ్ల కింద ఇసుక లాగేస్తుంది, ఈతగాళ్లు కూడా కొట్టుకుపోయారు. బీచ్ రోడ్డులోనే కార్పొరేషన్ వాళ్ల ఆక్వా స్పోర్ట్స్ కాంప్లెక్స్ ఉంది, అలాంటి కొలనులో ఈదండి. ఆదివారం పక్కకి కదిలే పనులు, షటిల్ గానీ, ఖాళీ చోటులో పక్క అడుగులు గానీ. విశ్రాంతి బుధవారమే తీసుకోవాలి. ఆదివారం విశ్రాంతి అనుకుంటే ఆరు రోజుల అలసట పోగుపడి, శనివారం నాటికి అడుగు తడబడుతుంది.

నిలకడకి వేరే రోజు అక్కర్లేదు. పళ్లు తోముకునేటప్పుడు ఒక నిమిషం కుడికాలి మీద, ఒక నిమిషం ఎడమకాలి మీద నిలబడితే సరిపోతుంది. బాత్‌రూమ్ నేల తడిగా ఉంటే బయట వరండాలో.

మొదలుపెట్టే ముందు పది నిమిషాలు ఒళ్లు వేడెక్కాలి. నిలబడి కాలు పట్టుకుని లాగడం వేడెక్కడం కాదు. మెల్లగా నడవండి, మోకాళ్లు ఎత్తండి, చేతులు తిప్పండి. లాగి పట్టుకునే సాగదీతలు పని అయ్యాక.

కొత్త పని కలపడం: తప్పు జరిగేది ఇక్కడే

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. దెబ్బలు తగిలించుకునేవాళ్లలో బద్ధకస్తులకంటే బాగా అలవాటున్నవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. ఐదేళ్లు తారు రోడ్డు మీద నడిచినాయన ఒక ఆదివారం ఇసుకలోకి దిగి అరగంట పరిగెడతాడు. ఆయాసం రాదు, హుషారుగా ఉంటుంది. మూడో రోజు మంచం దిగేసరికి మడమ వెనక కత్తితో కోసినట్టు నొప్పి. వద్దని చెబితే, “ఒంట్లో శక్తి ఉంది కదా మాస్టారూ, ఎందుకు ఆగాలి?” అంటారు.

ఎందుకంటే ఒంట్లో అన్నీ ఒకే వేగంతో సిద్ధం కావు. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లో పుంజుకుంటాయి. కండరాలూ త్వరగానే అలవాటు పడతాయి. కండరాన్ని ఎముకకి పట్టి ఉంచే స్నాయువులకి మాత్రం రక్త ప్రసరణ తక్కువ, అవి గట్టిపడడానికి నెలలు పడుతుంది. ఎముకలకీ టైమ్ కావాలి. మీకు ఆయాసం రాకపోవడం ఊపిరి ఇచ్చే సాక్ష్యమే, మడమ వెనక స్నాయువు ఇంకా సాక్ష్యం చెప్పలేదు. అది చెప్పేది రెండు మూడు రోజుల తర్వాత.

ఇసుకనే తీసుకుందాం, మన ఊళ్లో అందరికీ ఆశ పుట్టేది దాని మీదే కాబట్టి. మెత్తటి ఇసుకలో పరిగెడితే గట్టి నేల మీదకంటే సుమారు ఒకటిన్నర రెట్లు శక్తి ఖర్చవుతుంది. అడుగు పెట్టగానే మడమ కిందికి దిగిపోతుంది, పైకి లేపడానికి పిక్క మరింత గట్టిగా లాగాలి. చీలమండ అటూ ఇటూ ఒరుగుతుంది. పైగా ఒడ్డు వాలుగా ఉంటుంది. బీచ్ కోతకి గురైన చోట వాలు మరీ ఎక్కువ. బీచ్ రోడ్డు దక్షిణం చివర ఉన్న కోస్టల్ బ్యాటరీ నుంచి ఉత్తరంగా వెళ్తుంటే సముద్రం కుడివైపు, కాబట్టి మీ కుడికాలు ప్రతి అడుగుకీ ఎడమకాలికంటే పల్లంలో పడుతుంది. నడుము ఒక పక్కకి వంగుతుంది. అలా ఒకవైపే వెళ్లి, తిరుగు ప్రయాణం రోడ్డు మీద చేసేవాళ్లకి ఒక తుంటే నొప్పి పెడుతుంది, కారణం తెలియక మందులు రాసుకుంటారు. ఎంత దూరం వెళ్లారో అంత దూరం ఇసుక మీదే వెనక్కి రండి, అప్పుడు రెండు కాళ్లకీ లెక్క సరిపోతుంది.

ఇక పద్ధతి. మొదటి వారం అల వెనక్కి వెళ్లాక గట్టిగా మిగిలే తడి ఇసుక మీద, బూట్లతో, ఐదు నిమిషాలు నడవండి. పరుగు వద్దు. వారానికి రెండుసార్లే, మధ్యలో రెండు రోజులు తేడా. రెండో వారం ఎనిమిది నిమిషాలు, మూడో వారం పది. నాలుగో వారం పెంచకండి, మళ్లీ ఐదుకి దిగిపోండి. ఇలా ఆరు వారాలు గడిచాకే మెత్తటి ఇసుక, అదీ నడకే. పరుగు సంగతి మూడో నెలలో చూద్దాం.

ఈ ఐదు నిమిషాలు మీ పాత నడకలోంచి తీసేయాలి, దాని మీద అదనంగా చేర్చకూడదు. రోజూ 40 నిమిషాలు నడిచేవాళ్లు 35 రోడ్డు మీద, 5 ఇసుక మీద. 40 నడిచి, ఇంకా ఓపికుందని ఇసుకలోకి దిగితే అలసిన కాలితో కొత్త నేల మీద అడుగేస్తున్నారన్నమాట. అలాగే ఒకే నెలలో రెండు కొత్త పనులు వద్దు. ఇసుక మొదలుపెట్టిన నెలలో షటిల్ మొదలుపెడితే, నొప్పి వచ్చినప్పుడు దేనివల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు.

మర్నాడు పొద్దున మంచం దిగాక బాత్‌రూమ్ దాకా వేసే అడుగులు జాగ్రత్తగా గమనించండి. మడమ వెనక బిర్రుగా ఉందా? అరికాలిలో మడమ దగ్గర పొడుస్తోందా? ఉంటే ఆ వారం ఇసుక బంద్. నాలుగడుగులు వేశాక సర్దుకుంది కదా అని వెళ్లిపోకండి. అలా పొద్దుటి పూట కనబడి మాయమయ్యే నొప్పే ముందుగా వచ్చే హెచ్చరిక.

షుగర్ ఉన్నవాళ్లు ఇసుకలో ఒట్టి కాళ్లతో అసలు నడవకూడదు. పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటే సీసా పెంకు గుచ్చుకున్నా, ఇసుక కాలినా తెలియకపోవచ్చు.

కొండ మెట్లకీ ఇదే లెక్క, కాకపోతే అక్కడ జాగ్రత్త పడాల్సింది దిగేటప్పుడు. ఎక్కుతుంటే ఆయాసం వస్తుంది కాబట్టి అందరూ నెమ్మదిస్తారు, దిగుతుంటే హాయిగా ఉందని పరుగు పెడతారు. దిగే ప్రతి మెట్టుకీ తొడ కండరం సాగుతూనే ఒంటి బరువుని ఆపాలి. కండరం ఎక్కువగా దెబ్బతినేది అలాంటి పనిలోనే, మోకాలి చిప్ప మీద ఒత్తిడి పెరిగేదీ అప్పుడే. మొదటి నెల సింహాచలం మెట్లెక్కి, దర్శనం చేసుకుని, బస్సులో దిగండి. ఆ తర్వాత పై నుంచి కొన్ని మెట్లు దిగడం అలవాటు చేసుకోండి, పాదం మొత్తం మెట్టు మీద ఆన్చి, ఒక్కో మెట్టూ చప్పుడు లేకుండా.

ఏటా ఆషాఢ పౌర్ణమికి సింహాచలం అప్పన్న గిరి ప్రదక్షిణలో ఈ తప్పు వేలమంది చేస్తారు. 32 కిలోమీటర్లు, కొండ కింద తొలిపావంచా నుంచి అడవివరం, హనుమంతవాక, అప్పుఘర్ మీదుగా కొండ చుట్టూ తిరిగి రావడం, చాలామంది చెప్పుల్లేకుండా. ఏడాదంతా స్కూటర్ దిగనివాళ్లు భక్తితో బయలుదేరి ఎన్‌ఏడీ జంక్షన్ చేరేసరికి పాదాలు బొబ్బలెక్కి ఫుట్‌పాత్ మీద కూర్చుంటారు. ఉగాది నుంచి పౌర్ణమి దాకా దాదాపు 15 వారాలు ఉంటాయి. ఉగాదికి వారానికోసారి 6 కిలోమీటర్ల నడకతో మొదలుపెట్టి, రెండేసి కిలోమీటర్లు పెంచుతూ, ప్రతి నాలుగో వారం తగ్గిస్తూ వెళ్తే 24 దాకా చేరొచ్చు. ఆఖరి రెండు వారాలు తగ్గించేయండి. అరికాళ్లు గట్టిపడడానికి ఇంటి ముందు రోడ్డు మీద పొద్దున్నే పది నిమిషాలు చెప్పుల్లేకుండా నడవడం ఉగాది నుంచే మొదలవ్వాలి.

ఏ నొప్పికి ఆగాలి

కొత్త పని చేసిన మర్నాడు మొదలై, రెండో మూడో రోజుకి ఎక్కువై, తర్వాత తగ్గిపోయే నొప్పికి భయపడక్కర్లేదు. తొడంతా, పిక్కంతా, రెండువైపులా ఉంటుందది. మెల్లగా నడిస్తే హాయిగా కూడా ఉంటుంది. ‘ఇక్కడే’ అని వేలు పెట్టి చూపించగలిగే నొప్పి, ఒక్క కాలికే ఉండేది, కదిలేకొద్దీ పెరిగేది, వాపుతో వచ్చేది, రాత్రి నిద్ర లేపేది అయితే పని ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. కాలి ముందు ఎముక మీద ఒకేచోట నొక్కితే నొప్పిగా ఉంటే ఎముకలో సన్నటి చీలిక ఉండొచ్చు, దాని మీద నూనె రాసి మర్దనా చేయించుకోకండి. ఛాతీలో బరువు, కళ్లు తిరగడం వస్తే టెన్షన్ పడుతూ ఇంటికి నడవొద్దు, ఉన్నచోటే కూర్చుని పక్కవాళ్లని పిలవండి, నేరుగా ఆసుపత్రికే.

ఏప్రిల్, మే నెలల్లో అన్నిటినీ మూడో వంతు తగ్గించాలి. మన గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట పడుతుంది గానీ ఆరదు, ఒళ్లు చల్లబడదు. ఆరున్నరలోపు ముగించి, ఉప్పేసిన పల్చటి మజ్జిగ తాగండి. బీపీ ఉన్నవాళ్లు ఉప్పు సంగతి డాక్టర్‌ని అడగండి.

జ్వరమో, పెళ్లో, ఊరి ప్రయాణమో వచ్చి రెండు వారాలు ఆగిపోతే, ఆగినచోట నుంచి మొదలుపెట్టకండి. నడక సగం, బస్కీలు సగం, ఇసుక మళ్లీ ఐదు నిమిషాలు. పొద్దుటి అడుగులు వారం పాటు మామూలుగా ఉంటే, అప్పుడు పెంచండి.