రండి, మలయ్ నేర్చుకుందాం – 6వ పాఠం: ఇంట్లో వరసలు, ఆఫీసులో పిలుపులు

పోయిన పాఠంలో ఇని (ఇది, ఈయన), ఇతు (అది, ఆయన) నేర్చుకున్నాం. అభ్యాసంలో ఇచ్చిన ‘ఈయన మా నాన్న’కు జవాబు: ఇని ఆయహ్ సాయ. తెలుగులోలాగే మధ్యలో క్రియ అక్కర్లేదు. తేడా ఒక్కటే. ‘సాయ’ (నేను, నా) వెనక్కి వెళ్తుంది. నాన్న నా, ఇల్లు నా, ఆఫీసు నా. ఈ వరుస నాలుకకు అలవాటయ్యేదాకా ఇంట్లో కనిపించిన ప్రతి వస్తువు పేరు చెప్పి పక్కన ‘సాయ’ చేర్చుకుంటూ తిరగండి.

ఈ రోజు వరసలు. వీటికి రెండు పాఠాలు కేటాయించినా ఎక్కువ కాదు. ఎందుకో చెప్తాను.

మలేషియాలోని కౌలాలంపూర్‌లో ఉద్యోగంలో చేరిన మొదటి నెల. పుస్తకంలో ‘మీరు’ అనడానికి ‘ఆవక్’ అని ఉంది. ఆఫీసులో టీ పెట్టే పెద్దావిడతో ఆ మాటే వాడాను. ఆవిడ ఏమీ అనకుండా కప్పు పెట్టి వెళ్ళిపోయింది. పక్క సీటులోని అమ్మాయి నా వైపు వంగి, “మక్ చిక్ అనాలి” అంది మెల్లగా. మర్నాడు “తెరీమ కాసిహ్, మక్ చిక్” (థాంక్సండీ, పిన్నిగారూ) అన్నాను. ఆవిడ నిలబడి నవ్వి, “సామ-సామ, నక్” అంది. సామ-సామ అంటే ‘దానికేముందిలే’. నక్ అంటే ‘ఆనక్’కి పొట్టి రూపం: బిడ్డ. ముందురోజు పరాయివాణ్ణి, ఆ రోజు బిడ్డను.

మలయ్‌లో ‘నువ్వు’, ‘మీరు’ అనే సర్వనామాలు ఉన్నాయి కానీ పెద్దవాళ్ళ మొహం మీద వాడరు. ఆవక్ అనేది సమవయస్కులకు, చనువున్నవాళ్ళకు. పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు సర్వనామం ఉండాల్సిన చోట వరస పెడతారు. “ఆబఙ్ దహ్ మాకన్?” మాటకు మాటగా చూస్తే ‘అన్న తిన్నాడా?’ అని. ఎదుటివాడితోనే అంటున్నారు కాబట్టి అర్థం ‘అన్నా, తిన్నావా?’. తన గురించి చెప్పుకునేటప్పుడూ అంతే. ఆఫీసులో మీకంటే నాలుగేళ్ళు పెద్దదైన అమ్మాయి బ్యాగు సర్దుకుంటూ “కాకక్ నక్ బాలిక్ దూలు” అంటే ‘అక్క ఇంటికి బయల్దేరుతోంది’ అని, అంటే ‘నేను వెళ్తున్నా’. (ఈ ‘నక్’ వేరు, ‘చేయబోతున్నా, చేయాలనుంది’ అని అర్థం. బిడ్డ అనే ‘నక్’ వాక్యం చివర పిలుపుగా వస్తుంది.) ఇది మనకు కొత్తేమీ కాదు. చంటిపిల్లాడికి చేతులు చాచి “దా, అత్త ఎత్తుకుంటుంది” అంటాం కదా. మనం పిల్లలతో ఆపేశాం, వాళ్ళు జీవితమంతా వాడతారు.

ఇప్పుడు మాటలు. నాన్న: ఆయహ్, ఇంట్లో ఆబహ్ లేదా బాప. అమ్మ: ఈబు, ఇంట్లో ఎమక్ లేదా మక్. తాత: దాతుక్, పిలుపులో ఆతుక్ లేదా తొక్. అమ్మమ్మ, నానమ్మ ఇద్దరూ నేనెక్. పేరాక్ రాష్ట్రంలో మాత్రం ఓపహ్ అంటారు. కొడుకైనా కూతురైనా ఆనక్, మనవడూ మనవరాలూ చూచు, ముని మనవలు చీచిత్. అన్న ఆబఙ్, అక్క కాకక్. తమ్ముడికీ చెల్లెలికీ కలిపి ఒకటే మాట, ఆదిక్. విడదీసి చెప్పాలంటే ఆదిక్ లెలాకి (తమ్ముడు), ఆదిక్ పెరెంపూవన్ (చెల్లెలు).

చివరి ‘క్’ని పూర్తిగా పలక్కండి. కాకక్, ఆదిక్, దాతుక్‌లలో చివర గొంతు దగ్గర గాలి టక్కున ఆగిపోవాలి, ‘క్’ బయటికి వినపడకూడదు. ‘త’ తమ్ముడులోని త, టమాటాలోని ట కాదు.

ఇంగ్లిష్ మీదుగా మలయ్ నేర్చుకునేవాళ్ళకు అన్నకీ తమ్ముడికీ వేరే మాటలుండటం ఒక భారం. మనకది పుట్టుకతో వచ్చిన విషయం. అందుకే ఈ పాఠాలన్నిట్లోనూ ఒకటే పట్టుబడుతున్నాను. ఇంగ్లిష్ అర్థం రాసుకోకండి, నేరుగా తెలుగు మాట పక్కన మలయ్ మాట రాసుకోండి. దీనికి బలమైన సాక్ష్యం ‘బేసన్’ అనే మాట. మీ అమ్మాయి అత్తమామలు మీకు ఏమవుతారో ఇంగ్లిష్‌లో ఒక్క మాటలో చెప్పలేరు. తెలుగులో వియ్యంకుడు, వియ్యపురాలు. మలయ్‌లో బేసన్. అలాగే తోడల్లుడు, తోడికోడలు: బీరస్. అల్లుడు, కోడలు: మెనంతు. అత్తమామలు మెర్తువ. విడిగా అయితే బాప మెర్తువ (మామగారు), ఈబు మెర్తువ (అత్తగారు).

బావ, బావమరిది, మరిది, వదిన, మరదలు, ఆడపడుచు అని మనం ఇన్ని మాటలతో చెప్పేదాన్ని వాళ్ళు ‘ఈపర్’తో సరిపెట్టుకుంటారు. ముందు వయసు చూస్తారు. ఆబఙ్ ఈపర్ అంటే అక్క మొగుడు కావచ్చు, భార్యకు అన్న కావచ్చు, భర్తకు అన్న కావచ్చు. కాకక్ ఈపర్, ఆదిక్ ఈపర్ కూడా ఇదే పద్ధతి.

ఇక మన అలవాటు పని చెయ్యని చోటు. తెలుగులో అమ్మ వైపా, నాన్న వైపా అన్నది తెలియకపోతే నోరు పెగలదు. మేనమామ వేరు, బాబాయి వేరు. మేనత్త కూతురు మరదలు, బాబాయి కూతురు చెల్లెలు. ఈ తేడా మీదే మన పెళ్ళి సంబంధాలన్నీ నిలబడ్డాయి. మలయ్‌లో ఈ గీత లేదు. పినతండ్రి పిల్లలు, మేనమామ పిల్లలు అందరూ సెపూపు. తర్వాతి తరం దూఅ పూపు, ఆ తర్వాత తీగ పూపు, అంటే రెండో మెట్టు, మూడో మెట్టు. మా మేనమామ కొడుకును పరిచయం చేస్తూ ‘బావ’కు మలయ్ మాట ఏదని చాలా వెతికాను. లేదు. సెపూపు సాయ అని చెప్పి ఊరుకోవాలి.

నెగెరి సెంబిలన్ రాష్ట్రం దీనికి కొంత భిన్నం. అక్కడి మలయ్ వాళ్ళలో చాలామంది పూర్వీకులు సుమత్రా దీవిలోని మినంకబావు ప్రాంతం నుంచి వచ్చారు. ఆదత్ పెర్పాతిహ్ అనే వాళ్ళ ఆచారంలో వంశం తల్లి వైపు నుంచి వస్తుంది. ఆ వంశశాఖ పేరు సూకు. ఒకే సూకులో పెళ్ళి కూడదు, మనకు సగోత్రం లాగా. మినంకబావు భాషలో మేనమామను మామక్ అంటారు. వినగానే మనకు ‘మామ’ గుర్తొస్తాడు. కానీ కౌలాలంపూర్ వీధుల్లో ‘మామక్’ అంటే తమిళ ముస్లింల హోటల్ అనే అర్థమే తోస్తుంది. కలపకండి.

అమ్మ వైపు, నాన్న వైపు తేడా లేకపోతే అంతమంది మామయ్యలను, బాబాయిలను ఎలా గుర్తుపడతారు? పుట్టిన వరుసతో. మన పల్లెల్లో పెద్దన్న, నడిపన్న, చిన్నన్న అన్నట్టే. పెద్దవాడు లొఙ్ (సూలుఙ్, తొలిచూలు నుంచి), రెండోవాడు ఙహ్ (తెఙహ్, నడిమి నుంచి), చివరివాడు సు (బొఙ్సు, కడసారం నుంచి). వీటి ముందు పక్ చేరిస్తే మగవాళ్ళు, మక్ చేరిస్తే ఆడవాళ్ళు: పక్ లొఙ్, మక్ ఙహ్, మక్ సు. పక్ లొఙ్ భార్య ఎవరింటి పిల్లయినా మక్ లొఙ్ అయిపోతుంది, పెద్దనాన్న భార్య పెద్దమ్మ అయినట్టు. మధ్యవాళ్ళకు రంగును బట్టో పొడవును బట్టో వచ్చిన పేర్లు: తెహ్ అంటే తెల్లన (పూతిహ్), ఞ్జఙ్ అంటే పొడుగు (పాంజఙ్), న్దక్ అంటే పొట్టి (పెందెక్). ఊద అంటే చిన్న వయసు (మూద). ఈ మధ్య వరుస ఇంటింటికీ, రాష్ట్రం రాష్ట్రానికీ మారుతుంది. కాబట్టి బట్టీ పట్టకండి, ఆ ఇంట్లో పిల్లలు ఎలా పిలుస్తున్నారో విని అలాగే పిలవండి.

ఒకటో తరగతిలో క, ఖ, గ, ఘ, ఙ అని దిద్దాం. ఆ ఙ తర్వాత ఎక్కడా కనబడలేదు. మలయ్‌లో అది మాట చివర వస్తుంది (ఆబఙ్), మధ్యలో వస్తుంది (తెఙహ్), మాట మొదట్లోనూ వస్తుంది (ఙహ్). ‘గ’ కలిపి ‘ంగ’ అనకండి. ‘రంగు’ అనబోయి ‘గు’ దగ్గర ఆగితే మిగిలేదే ఙ. ఇది పలకగలిగితే మక్ ఙహ్ మిమ్మల్ని అన్నం పెట్టకుండా పంపదు.

మరో మాట తప్పకుండా చెప్పాలి. మలయ్ ఇళ్ళలో భార్య భర్తను ‘ఆబఙ్’ అని పిలవడం మామూలే. తెలుగువాళ్ళకు ఇది మింగుడుపడదు. మొగుణ్ణి అన్నా అనడం ఏమిటని మా ఇంట్లో నిజంగానే బాధపడ్డారు. అక్కడ ఆబఙ్‌లో ఉన్నది వయసుకిచ్చే గౌరవం, మన ‘ఏవండీ’లో ఉన్నట్టు. భర్తకు మాట సువామి, భార్యకు ఇస్తెరి. స్వామి, స్త్రీ అన్న సంస్కృతం మాటలే. కెలువార్గ (కుటుంబం) కులం, వర్గం కలిసి పుట్టింది, సావుదార (తోబుట్టువు, బంధువు) మన సోదర శబ్దమే.

ఆఫీసును పెజాబత్ అంటారు. అక్కడ వరసలూ, హోదా పిలుపులూ రెండూ నడుస్తాయి. పై అధికారి మగవారైతే ఎన్చిక్, పెళ్ళయిన స్త్రీ అయితే పువన్, కానివారు చిక్. దేశపు రాజుగానీ, రాష్ట్రాల సుల్తానులు, గవర్నర్లుగానీ గౌరవ బిరుదు ఇచ్చినవారైతే దాతుక్. తాత అనే మాటే ఇక్కడ బిరుదు. అలాంటివారిని ఎన్చిక్ అనడం తప్పు. కాస్త పెద్దవాళ్ళయిన తోటి ఉద్యోగులను కక్, బఙ్ అని పేరు జోడించి పిలవండి. సెక్యూరిటీ పెద్దాయన పక్ చిక్ (బాబాయిగారు). పేర్ల విషయంలో మన ఇంటిపేరు అలవాటు పక్కన పెట్టాలి. అహ్మద్ బిన్ ఇస్మాయిల్ అంటే ఇస్మాయిల్ కొడుకు అహ్మద్. ఆయన ఎన్చిక్ అహ్మద్. ఎన్చిక్ ఇస్మాయిల్ అంటే వాళ్ళ నాన్నగారిని పిలిచినట్టు. లేని మనిషి గురించి మాట్లాడేటప్పుడు దియ అంటే ‘వాడు’, ‘ఆమె’ రెండూ. గౌరవంగా ‘ఆయన’, ‘ఆవిడ’ అనాలంటే బెలియావ్.

సెలవు అడిగే సంభాషణ చదవండి. గట్టిగా, రెండుసార్లు.

— ఎన్చిక్, బోలెహ్ సాయ ఆంబిల్ చూతి ఏసొక్? (సర్, రేపు సెలవు తీసుకోవచ్చా?)
— కెనాప? (ఎందుకు?)
— ఈబు మెర్తువ సాయ సాకిత్. కామి నక్ బావ కె హోస్పితల్. (మా అత్తగారికి ఒంట్లో బాగోలేదు. మేము ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.)
— బోలెహ్. ఈసి బోరఙ్ చూతి దూలు. (సరే. ముందు సెలవు ఫారం నింపండి.)

చూతి హిందీ ఛుట్టీకి దగ్గరి మాట, మరిచిపోరు. ఇందులో గమనించాల్సింది ‘కామి’. ఇది మన ‘మేము’. ‘మనం’కు కీత. కీత అన్నారంటే ఆస్పత్రికి ఎన్చిక్‌ను కూడా రమ్మన్నట్టే. ఇంగ్లిష్ ఒక్క మాటలో కుక్కేసిన ఈ రెంటినీ తెలుగు వేరు చేస్తుంది, మలయ్ వేరు చేస్తుంది. తెలుగులో ఎక్కడ మేము అంటారో అక్కడ కామి, ఎక్కడ మనం అంటారో అక్కడ కీత. తడుముకోనక్కర్లేదు.

లెక్క చెప్పడంలోనూ మనకు లాభమే. మనుషులకు మనం మూడు అనం, ముగ్గురు అంటాం. వాళ్ళు అంకె పక్కన ఓరఙ్ (మనిషి) చేరుస్తారు: తీగ ఓరఙ్. ఒక్కరైతే సెఓరఙ్. ఓరఙ్ ఊతన్ అనే కోతి పేరులో ఉన్నది ఈ మాటే, ‘అడవి మనిషి’. సాయ ఆద సెఓరఙ్ ఆబఙ్ దన్ దూఅ ఓరఙ్ ఆదిక్: నాకు ఒక అన్న, తర్వాత పుట్టినవాళ్ళు ఇద్దరు.

పండక్కి సహోద్యోగి ఇంటికి పిలిస్తే చెప్పులు బయటే విడిచి, “ఆప ఖాబర్, మక్ చిక్?” (ఎలా ఉన్నారు, పిన్నిగారూ?) అనండి. ఆవిడ “ఖాబర్ బాయిక్. దహ్ మాకన్?” (బాగున్నాను. తిన్నావా?) అంటుంది. రెండో ప్రశ్న మన ఊళ్ళో అడిగేదే. చిన్నవాళ్ళు పెద్దల చెయ్యి పట్టుకుని నుదుటికో పెదవులకో ఆనిస్తారు. పరాయి ఆడవాళ్ళు, మగవాళ్ళు మధ్య చెయ్యి కలపడం మాత్రం ఎదుటివారు చాచితేనే.

పేరాక్‌లో బాగాన్ దాతుక్ వైపు కొబ్బరి ఎస్టేట్లకు వచ్చి తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలున్నాయి. ఇంట్లో తెలుగు, గడప దాటితే మలయ్. మీకు అక్కడ పరిచయస్థులుంటే ఈ పాఠం వాళ్ళ ముందు చదివి, ఉచ్చారణ దిద్దించుకోండి.

అభ్యాసం. మీ ఇంట్లోవాళ్ళ పేర్లు ఒక కాగితం మీద రాసి, ప్రతి పేరు పక్కన మలయ్ వరస రాయండి. మేనమామ, బాబాయి ఒకే మాటకు చేరితే కొట్టెయ్యకండి, అది సరైన జవాబే. తర్వాత ఈ నాలుగూ మలయ్‌లోకి: మా వియ్యంకుడికి ఒంట్లో బాగోలేదు. అక్కా, తిన్నావా? (సర్వనామం లేకుండా.) నాకు ఇద్దరు అన్నలు, ఒక చెల్లెలు. పువన్, రేపు సెలవు తీసుకోవచ్చా? చివరగా ‘మనం తిందాం’, ‘మేము తింటాం’ రెండూ రాయండి. తినడం మాకన్, తినబోతున్నాం అనడానికి నక్ మాకన్, తిందాం పదండి అనడానికి వాక్యం ముందు ‘జొమ్’ పెట్టండి. జవాబులు 7వ పాఠం మొదట్లో.