తోట గట్టుకు వైర్‌లెస్ ఇన్‌ఫ్రారెడ్ బీమ్ బిగించడం ఎలా?

ఏప్రిల్ వచ్చి కాయ ముదిరే వేళకు మామిడి తోట ఉన్నవాడికి నిద్ర కరువే. టార్చిలైటు పట్టుకుని రాత్రంతా నాలుగు గట్లూ తిరగలేం. కాపలా మనిషిని పెడదామంటే దొరకడం లేదు. కొందరు కంచెకు కరెంటు పెట్టేస్తున్నారు. అది నేరం. పందుల కోసం పెట్టిన తీగ తగిలి పక్క పొలం రైతులు చనిపోయిన వార్తలు మన రెండు రాష్ట్రాల్లోనూ చూస్తూనే ఉన్నాం. ఎవరి ప్రాణానికీ ముప్పు లేకుండా, లోపలికి ఎవరో వచ్చారని చెప్పే సాధనం ఇన్‌ఫ్రారెడ్ బీమ్. అయితే ఇది దొంగను ఆపదు, మనల్ని లేపుతుందంతే. లేచాక ఎవరు వెళ్లి చూడాలో ముందే అనుకోండి.

ఇది రెండు పెట్టెల జత. ట్రాన్స్‌మిటర్ కంటికి కనబడని కిరణాన్ని పంపుతుంది, ఎదురుగా ఉన్న రిసీవర్ అందుకుంటుంది. మధ్యలో ఎవరైనా అడ్డొస్తే రిసీవర్ రేడియో సిగ్నల్‌తో ప్యానెల్‌కు, అంటే అలారం మోగించే పెట్టెకు, చెబుతుంది. సైరన్ మోగుతుంది, ఫోన్ వస్తుంది. వైర్‌లెస్ రకంలో పెట్టె మీద చిన్న సోలార్ పలక, లోపల బ్యాటరీ ఉంటాయి కాబట్టి గట్టు పొడవునా కేబుల్ పూడ్చే పని తప్పుతుంది.

కొనేటప్పుడు

ఒకే కిరణం ఉన్నది వద్దు. కనీసం రెండు కిరణాలు ఉన్నది తీసుకోండి. రెండూ ఒకేసారి తెగితేనే అది అలారం ఇస్తుంది కాబట్టి రాలే ఆకుకూ, అడ్డంగా ఎగిరే పిట్టకూ మోగదు. డబ్బా మీద ఇండోర్, అవుట్‌డోర్ దూరాలు విడిగా రాస్తారు. మీరు చూడాల్సింది అవుట్‌డోర్ అంకె. 60 మీటర్ల గట్టుకు 100 మీటర్లది కొనండి. పొగమంచు పట్టిన రోజున ఆ మిగులే అక్కరకొస్తుంది.

ప్యానెల్‌లో సిమ్ వేసే రకమైతే అది 2జీనా, 4జీనా అడగండి. జియోకు 2జీ లేదు. 2జీ ప్యానెల్‌లో ఆ సిమ్ వేసి, ప్యానెల్ చెడిపోయిందని తిప్పలు పడేవాళ్లు ఉంటారు.

ముందు గట్టు వెంట నడవండి

అసలు పని ఇదే. కిరణం నిటారుగానే పోతుంది, వంపు తిరగదు. గట్టు ఈ కొస నుంచి ఆ కొసకు తాడు లాగి చూడండి. గట్టు వంకర తిరిగిన చోట ఇంకో జత కావాలి. నేల మధ్యలో పల్లంగా ఉంటే కిరణం కింద మనిషి దూరేంత సందు ఏర్పడుతుంది, అదీ చూసుకోవాలి.

తాడుకు అటూ ఇటూ రెండేసి అడుగులు కొమ్మ, గడ్డి, తీగ లేకుండా కొట్టేయండి. మొదటి ఏడాది నేను ఫిబ్రవరిలో చక్కగా శుభ్రం చేసి బిగించాను. ఏప్రిల్‌లో కాయ బరువుకు కొమ్మలు కిందికి వంగుతాయన్న సంగతి మరిచాను. మొదటి ఈదురుగాలికి సైరన్ రాత్రంతా మోగింది. మూడో రాత్రి నేనే స్విచ్చి కట్టేశాను. ఉత్తుత్తి అలారాలతో విసిగి మనమే కట్టేస్తే ఎంత ఖరీదైన పరికరమైనా దండగే.

ఎండ సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. ఉదయం, సాయంత్రం వాలు ఎండ నేరుగా రిసీవర్ కంట్లో పడితే అది తికమకపడుతుంది. ఉత్తర దక్షిణాల గట్టయితే రిసీవర్‌ను దక్షిణం కొసన, ఉత్తరం చూసేలా పెట్టండి. తూర్పు పడమరల గట్టయితే షెడ్డో చెట్టో ఎండకు అడ్డుండే కొస వెతుక్కోండి.

స్తంభాలు

రెండు అంగుళాల జీఐ పైపు చాలు. ఎర్రనేలలో అడుగున్నర గొయ్యి సరిపోతుంది. నల్లరేగడిలో మాత్రం రెండున్నర అడుగులైనా దించండి. ఆ నేల ఎండకు నెర్రెలిస్తుంది, వానకు ఉబ్బుతుంది, పైపును పక్కకు నెట్టేస్తుంది. కిరణం వెళ్లేది పదుల మీటర్ల దూరం కాబట్టి ఇక్కడ పైపు వెంట్రుకవాసి వాలినా అక్కడ కిరణం గురి తప్పుతుంది. మేస్త్రీ గుండుతో నిలువు చూసి కాంక్రీటు పోయండి. నాలుగు రోజులు నీళ్లు కొట్టి, గట్టిపడ్డాకే పెట్టె బిగించండి. కంచె రాతికి కట్టేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. మేక ఒళ్లు రుద్దుకున్నప్పుడల్లా అది కదులుతుంది.

మనుషుల కోసమైతే నేల నుంచి 80, 90 సెంటీమీటర్ల ఎత్తు బాగుంటుంది, కుక్కలు కింద నుంచి పోతాయి. పందులు కూడా తెలియాలంటే 40 సెంటీమీటర్లకు దించాలి, అప్పుడు కుక్కలకూ మోగుతుంది. ఇంటి ప్రహరీకైతే గోడ లోపలివైపు, గోడ పైఅంచుకు జానెడు ఎత్తులో పెడతారు.

జత కలపడం, గురి చూడటం

పెట్టెలను పొలానికి తీసుకెళ్లే ముందే ఇంట్లో బల్ల మీద పెట్టి నిండా చార్జింగ్ చేయండి. ప్యానెల్‌ను లెర్నింగ్‌లో (కొత్త పరికరాన్ని గుర్తుపట్టే స్థితిలో) పెట్టి, కిరణానికి చెయ్యి అడ్డం పెడితే అది రిసీవర్‌ను గుర్తుపడుతుంది. రెండు జతలు కొంటే ఒక్కోదానికి వేరే చానెల్ పెట్టండి, లేకుంటే ఒకదాని కిరణాన్ని ఇంకోటి అందుకుంటుంది. తర్వాత రిసీవర్‌ను స్తంభం దగ్గరికి తీసుకెళ్లి సిగ్నల్ అందుతోందో చూడండి. పచ్చని చెట్లు, రేకుల షెడ్డు రేడియో సిగ్నల్‌ను మింగేస్తాయి. ప్యానెల్‌ను ఎత్తులో, రేకులకు దూరంగా పెడితే చాలావరకు అందుతుంది. అందకపోతే సిగ్నల్‌ను అందుకుని మళ్లీ ముందుకు పంపే రిపీటర్ మధ్యలో పెట్టాలి.

గురికి ఇద్దరు కావాలి, చెరో కొసన ఫోన్లో మాట్లాడుకుంటూ. మూత తీస్తే లోపల చిన్న అద్దపు కన్ను ఉంటుంది. అందులోంచి చూస్తూ ఎదుటి పెట్టె సరిగ్గా నడుమన కనబడేలా పక్కలకు చేత్తో, పైకీ కిందికీ స్క్రూతో తిప్పండి. ట్రాన్స్‌మిటర్ ముగిశాకే రిసీవర్ ముట్టుకోండి, రెండూ ఒకేసారి కదిపితే తేలదు. ఆ పైన రిసీవర్ మీదున్న టెస్ట్ రంధ్రాల్లో మల్టీమీటర్ పెట్టి డీసీ వోల్టేజీ చూడండి. నెమ్మదిగా తిప్పుతూ పోతే అంకె పెరిగి, ఒక చోట మళ్లీ తగ్గడం మొదలవుతుంది. వెనక్కి వచ్చి అత్యధికం దగ్గర ఆపండి. చాలామంది లైటు వెలిగిందని సరిపెట్టుకుంటారు. అంచున దొరికిన కిరణం మొదటి వానకే పోతుంది.

ఎంతసేపు తెగితే మోగాలి?

లోపల చిన్న మీట ఉంటుంది, సాధారణంగా 50 మిల్లీసెకన్ల నుంచి కొన్ని వందల దాకా. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషిని 30 సెంటీమీటర్ల మందం అనుకుందాం. సెకనుకు మీటరు చొప్పున నడిస్తే కిరణాన్ని 300 మిల్లీసెకన్లు కప్పుతాడు. సెకనుకు 6 మీటర్లు పరుగెత్తితే 50 మాత్రమే. ప్రహరీ దూకి పరుగెత్తే చోట 50 పెట్టండి. కంచె దూరి మెల్లగా వచ్చే తోటకు 100, 150 చాలు, పిట్ట రివ్వున ఎగిరినా మోగదు.

ఇప్పుడు మూత బిగించి, ప్యానెల్ ఆన్ చేసి మీరే దొంగలా రండి. ట్రాన్స్‌మిటర్ దగ్గర, నడిమధ్య, రిసీవర్ దగ్గర నడిచి, పరుగెత్తి, వంగి చూడండి. అదే పని చీకటి పడ్డాక మళ్లీ చేయండి. వైరు రంధ్రాలకు సిలికాన్ పూయకపోతే చీమలూ కందిరీగలూ లోపల కాపురం పెడతాయి. నెలకోసారి అద్దం మీది సాలెగూడు, సోలార్ పలక మీది దుమ్ము తడిగుడ్డతో తుడవాలి.

కోతకొచ్చే కూలీలు తెల్లవారుజామున నాలుగింటికే గట్టు ఎక్కుతారు. ముందురోజు రాత్రే ముఠా మేస్త్రీకి అలారం ఆపే రిమోట్ ఒకటి ఇచ్చి, ఏ మీట నొక్కాలో చూపించండి.